ఎటు చూసినా ఉత్తరమే

ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఓ మేడమీది కిరాయి గదిలో కూర్చుని దక్షిణ ధ్రువాన్ని గీసే మనిషి ఉందంటే నమ్ముతారా? ఉంది. పేరు ఫ్లోరెన్స్. ఉపగ్రహాలు తీసిన మంచు ఫొటోలను కంప్యూటర్లో అతికించి, అక్షాంశ రేఖాంశాలు సరిచూసి పటం తయారుచేయడం ఆమె ఉద్యోగం. గడప దాటే పనిలేదు. దాటుదామన్నా భర్త జయరాజ్ దాటనివ్వడు. కొడతాడా, తిడతాడా? అబ్బే, ఆ మహానుభావుడు కొత్తిమీర కట్ట కూడా తనే తెచ్చిపెడతాడు. షేర్ ఆటో అంటే దుమ్మంటాడు, నడుస్తానంటే ఎండంటాడు. ప్రేమగా తలుపేసేవాడితో పోట్లాడేదెట్లా? ఊపిరాడక చస్తోంది పాపం.

అట్లాంటిది ఈసారి మంచు ఖండానికి వెళ్లే బృందంలో ఆఫీసువాళ్లు ఆమె పేరు రాశారు. ఇక్కడ గీసిన గీతలు అక్కడి మంచుతో సరిపోతున్నాయో లేదో దగ్గరుండి చూసి రావాలి. వచ్చేదీ రానిదీ ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నారు.

ఆ సంగతి వినగానే జయరాజ్ వెళ్లి గోడకున్న ప్రపంచ పటం ముందు నిలబడ్డాడు. అడుగున మంచు ఖండం ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లటి పట్టీలా సాగి ఉంది. ఇది ఊరా, కాగితం అంచా అన్నాడు. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిస్తే కొసలు అట్లాగే సాగుతాయని, ధ్రువమనే ఒక్క చుక్క పొడుగాటి గీతై కూర్చుంటుందని ఫ్లోరెన్స్ ఓపిగ్గా చెప్పింది. ధ్రువాన్ని నడుమ పెట్టి తాను గీసిన పటం తెర మీద చూపించింది. అందులో ఖండమంతా ఒక్క ముక్కగా, గుండ్రంగా ఉంది. రేఖాంశాలన్నీ మధ్యకే వస్తున్నాయి. ఆ మధ్యలో మాత్రం బూడిదరంగు ఖాళీ. ఉపగ్రహాలు సరిగ్గా ధ్రువం మీదుగా పోవని, ఆ కాస్త చోటు వాటి కంట పడదని చెప్పింది.

"మరి మనిల్లు ఎటుంటది?" అన్నాడు.

"ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా ఉత్తరమే. మనిల్లు కూడా ఉత్తరానే."

అతను మెచ్చుకోలుగా తలూపాడు. "ఇంట్ల కూసునే ఇంత మంచిగ గీస్తున్నవ్. ఇగ పోవుడెందుకు?"

పని ఎంత బాగా చేస్తే అంత గట్టిగా తాళం పడుతోంది!

ఆదివారం సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూటం. చాపలు నిండాయి. జయరాజ్ ముందే పాస్టరుగారి చెవిన తన మనవి వేశాడు. అందరూ తలలు వంచారు. నీ దాసురాలిని ఈ దూరప్రయాణం నుంచి తప్పించు ప్రభువా అంటూ పాస్టరుగారు అందుకున్నారు. ఫ్లోరెన్స్‌కు ఒళ్లు మండిపోయింది. మొగుడితోనైతే వాదించవచ్చు, ప్రార్థనకు అడ్డం మాట్లాడేదెట్లా? చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె మేలు కోరేవాళ్లే. కదిలే సందు లేదు.

కళ్లు తెరిచింది. గదిలో ఒక్కరి కళ్లూ తెరిచి లేవు. జయరాజ్ రెప్పల కింద తడి. పెళ్లయ్యాక ఆమె మీద ఎవరి చూపూ లేని నిమిషం అదే. కొంగు చాటున ఫోన్ తీసి, వస్తానని ఆఫీసువాళ్లకు రాసి పంపేసింది.

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా ఫ్లోరెన్స్ అంది. జయరాజ్ సంతోషం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిని చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇగ భయం లేదు," అన్నాడు.

"అవ్, లేదు," అంది ఫ్లోరెన్స్.