దెయ్యం చీరలో దేవదూతలు

సహోదరులారా, సహోదరీలారా, కొన్నాళ్ల క్రితం నేను ముఖానికి కొంగు కప్పుకోకుండా గుమ్మం దాటేదాన్ని కాదు. నేరేడ్‌మెట్‌లో తోటా బంగళా ఉన్న కుటుంబం మాది, మా తాతగారు వీధిలో నడిస్తే జనం లేచి నిలబడేవారు. తోట పోయింది, బంగళా పోయింది, నడుము నిటారుగా పెట్టి నడవడం మాత్రం నాకు మిగిలింది. బతుకుతెరువు కోసం దెయ్యం సినిమాల్లో వేషాలు వేశాను, ఇంటిపేరు పోస్టరు మీద పడకూడదని వేరే పేరు పెట్టుకున్నాను. వాటిలో ఒకటి వారం కూడా ఆడలేదు, పీడ వదిలిందనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కాలేజీ పిల్లలు దాన్ని ఫోన్లలో వెతికి పట్టుకుని, తెల్లచీరలో జుట్టు విరబోసుకుని నేను నవ్విన నవ్వును పండగ చేసుకున్నారు! ఎంఎంటీఎస్ రైల్లో నన్ను గుర్తుపట్టి, "ఆంటీ, జెర గా నవ్వు నవ్వుర్రి, వీడియో తీస్కుంట!" అని చుట్టుముట్టారు. ఆనాటి నుంచి తలుపులేసుకున్న చీకటి గదే నా లోకం, నిద్ర లేదు, ఆకలి లేదు, నవ్వుకు పేరుపడ్డ నాకు నవ్వే రాకుండా పోయింది. ఎందుకీ బతుకు అనుకున్న రోజులూ ఉన్నాయి.

పక్కవాటాలో ఉండే మార్తమ్మక్క పిలవకుండానే వచ్చి నా కోసం మోకరించేది, నేను మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చునేదాన్ని. మా ఇంట్లో ఎవరూ మోకాలు వంచి ఎరుగరు. ఒక ఉదయం ఆమె కన్నీళ్లు చూసి నా మోకాళ్లు వాటంతటవే వంగాయి. "ప్రభువా, నన్ను సిగ్గుపరచిన ఆ నవ్వు నీకు పనికొస్తే తీసుకో, నా భయం తీసేయి" అని ప్రార్థించాను. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాను, దేవునికే మహిమ!

మార్తమ్మక్క నన్ను సంఘానికి తీసుకొచ్చింది, నేను నటినని తెలిసి పాస్టరుగారు పిల్లల క్రిస్మస్ నాటకం నాకు అప్పగించారు. మొదటి రోజే ఒక తల్లి, "అరే, సినిమల దెయ్యం గీమెనే! మా పోరి జడుసుకుంటది, నేనైతే పంపియ్య" అని కూతురు కీర్తన చేయి పట్టుకుని లేచింది, మిగతా తల్లులూ లేచారు. వాళ్లు వెళ్లిపోతే నేను మళ్లీ ఆ గదిలోకే, ఆ చీకట్లోకే వెళ్లిపోతానని తెలుసు. అప్పుడు కీర్తన, "మమ్మీ, ఆగు! టీచర్, ఒక్కసారి నవ్వుర్రి!" అంది. లోలోపల ప్రభువును తలచుకున్నాను, ఎక్కడ దాగిందో ఆ నవ్వు పొట్టలోంచి లేచి గదంతా అదిరేలా వచ్చేసింది! పిల్లలు పకపకా నవ్వుతూ కిందపడి దొర్లారు. "నాకు సుత నేర్పుర్రి!" అని ఎగబడ్డారు, ఆ తల్లి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. గొంతు చించుకోకూడదని, ఊపిరి పొట్టలోంచి తీయాలని ఆరోజే నేర్పాను. నా పెట్టె అడుగున పడి ఉన్న ఆ దెయ్యం తెల్లచీరను ఆ తల్లే కత్తిరించి దేవదూతల అంగీలు కుట్టింది!

క్రిస్మస్ సాయంత్రం, యేసు పుట్టాడని గొల్లలకు చెప్పే దూతగా కీర్తన రాగానే, సహోదరులారా, కరెంటు పోయింది, మైకు మూగబోయింది. ఆ పిల్ల కంగారుపడలేదు, అచ్చం నాలాగే నడుము నిటారుగా పెట్టి, పొట్టలోంచి ఊపిరి తీసి, "భయపడకండి!" అంది. గేటు బయటి ఆటోవాళ్లు సైతం తిరిగి చూశారు. ముందు వాళ్లమ్మ లేచింది, ఆపై సంఘమంతా లేచి దేవుని స్తుతించింది. మా తాతగారి కోసం కూడా అంతమంది లేచి ఉండరు!

ఇప్పుడు ప్రతి శనివారం పిల్లలకు ఆట, పాట, నాటకం నేర్పుతున్నాను. "దెయ్యం టీచర్!" అని పిలుస్తారు, దర్జాగా పలుకుతాను. మీలో ముఖం కప్పుకుని వచ్చినవారు ఎవరైనా ఉంటే, ఆ కొంగు తీయండి, ఆయనను నమ్మండి. భయానికి మారుపేరైన నా చేత ఒక పసిపిల్లకు భయపడకండి అనడం నేర్పించిన దేవుడు మిమ్మల్ని వదిలేస్తాడా!