తద్దినం నాడు నా పుట్టినరోజు

ఆ రోజుల్లో, హిందీ ఊళ్ళో ప్లాంటు పనికి వచ్చిన తెలుగువాళ్ళుండే మా క్యాంప్ 2లో, పుట్టడం అందరూ పుట్టేవారు గానీ పుట్టినరోజు మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఎప్పుడు పుట్టానని పిల్లలు అడిగితే తేదీ చెప్పగలిగిన తల్లి మా వీధిలో ఒక్కరూ లేరు. ‘పెద్ద వాన పడ్డ ఏడు’, ‘మీ అయ్యకి ఉద్యోగం పర్మినెంటైన నెల’, ‘ఎదురింటోళ్ళ గేదె తప్పిపోయిన వారం’, ఇవే మా జాతకాలు. (చాలా ఏళ్ళ తర్వాత మాకందరికీ కార్డులు రాయించుకోవాల్సి వచ్చినప్పుడు, రాసే ఆయన మా జవాబులు విని విని విసిగిపోయి, వీధిలో ఆడవాళ్ళందరినీ జనవరి ఒకటిన పుట్టించేశాడు. ఒక్క పూటలో అంతమందికి పురుడు పోసిన మనిషి ఇంకొకరు ఉండరు.) నాకు మాత్రం పదేళ్ళ వయసులోనే ఒక పుట్టినరోజు ఉండేది. శ్రావణమాసంలో పౌర్ణమి వెళ్ళిన ఐదో రోజు. అది మా పెదనాన్న తద్దినం. ఆ రెండూ ఒకే రోజని నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. తద్దినమన్న సంగతి తెలియక, నేను దాన్ని పూర్తిగా నా పండగే అనుకున్నాను. ఇది ఆ తెలివితక్కువతనం కథ. నాకు అక్షరాలు వచ్చిందే ముసలితనంలో కాబట్టి రాయడం ఆలస్యమైంది. వినవలసిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

మా ఇంట్లో రెండు గదులు, ఐదుగురం మనుషులం. మా నాన్న ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. అమ్మ టౌన్‌షిప్ సెక్టార్లో ఒక ఆఫీసరు గారి క్వార్టర్లో గిన్నెలు తోమి ఇల్లు తుడిచేది. బడికి వెళ్ళవలసిన వయసులో నేను అమ్మ వెంట ఆ గిన్నెల దగ్గరికి వెళ్ళేదాన్ని. నాన్నకి తల్లి, మా మామ్మ, గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ తప్పులు ఎంచేది. ఇక పెద్దమ్మ. ఆవిడ పెదనాన్న భార్య. పిల్లల్లేరు, ఆయనా లేడు. ఆయన ఎలా పోయాడని అడిగితే ‘వానలో’ అనేవారు అందరూ, ఆ తర్వాత ఎవరికో ఒకరికి అర్జెంటుగా పని గుర్తొచ్చేది. వానలో తడిస్తే జలుబు చేస్తుంది గానీ మనిషి ఎలా పోతాడని నేను చాలాకాలం ఆలోచించాను. వాన పడితే నాన్నని బయటికి వెళ్ళనిచ్చేదాన్ని కాదు.

తద్దినాన్ని పుట్టినరోజు అనుకోవడం మరీ అంత వింత కాదు, కాస్త నా వైపు నుంచి చూడండి. ఏడాది పొడుగునా గంజీ పచ్చడీ తినే ఇంట్లో ఆ ఒక్క రోజు తెల్లవారకముందే అందరికీ తలస్నానం. పంతులుగారు వచ్చి స్వయంపాకం పట్టుకెళ్ళేవారు. ఆయన గేటు దాటగానే పొయ్యి మీద గారెలు, పరమాన్నం, ఎండుచేపల పులుసు. పెదనాన్న ఫోటోకి బంతిపూల దండ వేసి, ముందు దీపం పెట్టి, ఆకులో అన్నీ వడ్డించి, పక్కన కొత్త లుంగీ ఒకటి, బీడీకట్ట ఒకటి పెట్టేవారు. మంచి రోజున పెద్దవాళ్ళకి ముందు పెట్టి తర్వాత మనం తినడం మా వాళ్ళందరికీ అలవాటే కాబట్టి, పెద్దవాడు కదా, ఆయన వాటా ఆయనకి ఇస్తున్నారు అనుకునేదాన్ని. అసలు సాక్ష్యం వేరే ఉంది. భోజనాలయ్యాక పెద్దమ్మ నన్ను వంటింటి తలుపు వెనక్కి పిలిచి, పవర్ హౌస్ బజారులో కొన్న గౌను ఒకటి నా తల మీంచి తొడిగి, బుగ్గ గిల్లేది. ప్రతి ఏడూ అదే రోజు, అదే తలుపు వెనక. ఎందుకని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం నాకూ కనబడలేదు.

ఆ ఏడు వేసవిలో ఆఫీసరు గారి అమ్మాయి పుట్టినరోజు జరిగింది. ఆ పిల్లని అందరూ బేబీ అనేవారు, నా ఈడుదే. గోడలకి పూలదండలు, బుడగలు, మధ్యలో కేకు, దాని మీద వెలిగే కొవ్వొత్తి. బేబీ ‘ఫూ’ అని ఊదింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేను గుమ్మం పక్కన గ్లాసుల ట్రే పట్టుకుని చూశాను. అప్పుడు నాకు అంతా అర్థమైపోయింది. దండలు మా ఇంట్లోనూ ఉన్నాయి, వెలిగే ఒత్తి ఉంది, తీపి ఉంది, కొత్త బట్ట ఉంది. మావాళ్ళకి ఊదడం ఒక్కటే తెలీదు. పల్లెటూరి వాళ్ళు పాపం, ఎవరు చెబుతారు అనుకున్నాను. శ్రావణం వచ్చి ఇంట్లో మినప్పప్పు నానబోసిన రోజున నేను బేబీ దగ్గరికి వెళ్ళి, “కల్ మేరా బర్త్‌డే హై, ఆనా” అని, రేపు నా పుట్టినరోజుకి రమ్మని పిలిచేశాను. బేబీ ఎగిరి గంతేసింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఈ విషయం అమ్మకి చెప్పలేదు. చెబితే ఆశ్చర్యం ఉండదు కదా!

మర్నాడు నాన్న సెలవు పెట్టాడు. పంతులుగారు వచ్చి వెళ్ళారు. ఆకు తీసుకెళ్ళి వాకిట్లో అరుగు మీద పెట్టి, ఇంటిల్లిపాదీ కాకి కోసం తలలెత్తి చూస్తున్నాం. కాకి ముట్టుకుంటే పోయినాయన తిన్నట్టు. ఆ రోజు కాకి చాలాసేపు రాలేదు. మామ్మ అప్పటికే ముక్కు చీదుతోంది. “నా కొడుకు అలిగినాడు. ఎండుచేపలో ఉప్పు సాల్లేదేటి?” అని అమ్మని అడిగింది. “సరిపోయినాది అత్తా,” అంది అమ్మ. “నువ్వు సూసినావేటి? ఆడికి పెట్టకముందే నువ్వు తిన్నావేటే?” ఆ తగువు ఇంకా ముదిరేదే గానీ, అంతలో ఒక కాకి వచ్చి పెంకుల మీద వాలింది. ఊపిరి బిగపట్టాం. కాకి దిగింది, అరుగు మీద రెండడుగులు వేసింది, ఆకు మీదకి ముక్కు వంచింది. అప్పుడే సందు మలుపులో రిక్షా ఆగి, ఎర్ర బుడగలు నాలుగు పట్టుకుని బేబీ దిగింది, వెనకాల వాళ్ళమ్మ. కాకి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. మళ్ళీ రాలేదు.

“హ్యాపీ బర్త్‌డే!” అంది మేమ్‌సాబ్, రంగు కాగితం చుట్టిన పెట్టె నా చేతిలో పెడుతూ. నాన్న మొహం సున్నం వేసినట్టు అయిపోయింది. ఆవిడ భర్త పెద్ద ఆఫీసరు, అమ్మకి పని ఇచ్చిన ఇల్లు. ‘ఇవాళ కాదమ్మా, మా అన్న తద్దినం’ అని ఎలా చెబుతాడు? అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. కానీ నాకప్పుడు అవేవీ పట్టలేదు. నా పుట్టినరోజుకి మనుషులొచ్చారు! బేబీ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. మేమ్‌సాబ్ చెప్పులు విప్పి వచ్చింది. ఎండుచేపల వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఫోటో ముందు బీడీకట్ట చూసి నాన్న వైపు తిరిగింది. నాన్న చేతులు నలుపుకుంటూ, మా ఆంధ్రాలో ఇలాగే అని సర్దిచెబుతూ, “హమారే ఆంధ్రా మేఁ ఐసా హీ హోతా హై, మేమ్‌సాబ్” అన్నాడు. (ఆంధ్రావాళ్ళు ఆడపిల్ల పుట్టినరోజుకి బీడీలు పెడతారని ఆవిడ చాలా ఏళ్ళు అందరికీ చెప్పింది. మా జాతి మొత్తానికి నేను చేసిన ఉపకారం అది.)

“అబ్ క్యా కరేంగే?” ఇప్పుడేం చేస్తాం అని అడిగింది బేబీ. ఏం చెయ్యాలో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఫోటో ముందుకి వెళ్ళి వంగి, బుగ్గలు నింపుకుని, పెదనాన్న దీపాన్ని ‘ఫూ’ అని ఊదేశాను.

బేబీ చప్పట్లు కొట్టింది. మేమ్‌సాబ్ కూడా కొట్టింది. ఇంకెవరూ కొట్టలేదు. పొగ సన్నగా ఫోటో మీదకి పాకుతుంటే మామ్మ గోడ పట్టుకుని లేచింది.

“ఓలి నష్టజాతకపు గుంటా! పుడతానే నా కొడుకుని మింగేసినావు, ఇప్పుడు ఆడి దీపం కూడా ఊదేసినావేటే! నిన్ను బయటికి లాగడానికి మంత్రసాని కోసం వానలో సైకిలేసుకుని ఎల్లినోడు, లారీ కిందడి పోనాడు. నువ్వు మాత్రం మంత్రసాని నేకండానే ఊడి పడ్డావు. ఆ మాత్రం దానికి ఆడెందుకు ఎల్లాలే? నువ్వు పుట్టిన రోజు నాకు కొడుకు సచ్చిన రోజే!”

తెలుగు తెలియని మేమ్‌సాబ్, “మాజీ క్యా బోల్ రహీ హైఁ?” పెద్దావిడ ఏమంటున్నారని అడిగింది నెమ్మదిగా. నాన్న కళ్ళు తుడుచుకుని, “ఆశీర్వాద్ దే రహీ హైఁ” అన్నాడు. దీవిస్తోందని! మేమ్‌సాబ్‌కి కళ్ళు చెమర్చాయి. ఇంత మనసారా దీవించే ముసలమ్మలు ఇప్పుడెక్కడున్నారు అనుకుందేమో, బేబీని ముందుకి తోసి కాళ్ళకి దండం పెట్టమంది. తిట్టు సగంలో ఉండగా పాదాల మీద పిల్ల చేతులు పడేసరికి, మామ్మ చెయ్యి అలవాటు కొద్దీ బేబీ తల మీదకి వెళ్ళింది. నోరు ఇంకా నన్ను తిడుతూనే ఉంది. చెయ్యి దీవిస్తోంది.

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఇంట్లో ఉన్న అందరిలోకీ నాకు భయం వేసింది పెద్దమ్మని చూసి. ఆవిడ మొగుడు నా మూలాన పోయాడు, ఆవిడ దీపం నేను ఆర్పేశాను. ఇక తలుపు వెనక నన్ను ఎవరు పిలుస్తారు? ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. నా వీపు మీద ఒక్కటి చరిచింది, గదంతా వినబడేలా. తర్వాత అగ్గిపుల్ల గీసి దీపం మళ్ళీ వెలిగించింది. “రండి, కూకోండి. గారెలు సల్లారిపోతన్నాయి,” అని బేబీ ముందు ఆకు వేసింది. మేమ్‌సాబ్ పరమాన్నం మాత్రం తిన్నది. బేబీ గారెలు వదలకుండా తిన్నది. వెళ్ళేటప్పుడు మళ్ళీ ఏడు కూడా వస్తానంది. వాళ్ళు వెళ్ళాక రంగు కాగితం విప్పితే లోపల రంగు పెన్సిళ్ళ డబ్బా. బడి మొహం చూడని పిల్లకి పెన్సిళ్ళు! అమ్మ పెన్సిళ్ళు తీసి ఎవరికో ఇచ్చేసి, డబ్బాలో ఆవాలు పోసుకుంది.

మామ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత ఆవిడ నన్ను క్షమించిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, అలా జరగలేదు. బతికినన్నాళ్ళూ ఏటా ఆ రోజు నాతో మాట్లాడలేదు. మిగతా రోజుల్లో తిట్టేది కాబట్టి, ఆ ఒక్క రోజూ నాకు కాస్త తెరిపిగానే ఉండేది.

మధ్యాహ్నం నేను పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చుని ఉంటే పెద్దమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. నేనే అడిగాను.

“నా గురించేనా పెద్దమ్మా, ఆయన పోయింది?”

“ఊఁ. నీ గురించే ఎల్లినాడు.”

కాదని అంటుందనుకున్నాను. అనలేదు. చేతిలో పుల్లతో నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది.

“ఆయన ఎంటనే ఎల్తానన్లేదు,” అంది. “గుమ్మంలో నిలబడి, వాన తగ్గనీ, అప్పుడెల్తానన్నాడు. లోపల మీ అమ్మ కేకలెడతంది. నాకు పిల్లల్లేరు గదా, ఆ నొప్పులెలాగుంటాయో నాకేటి తెలుసు? భయమేసింది. నానే బేగి ఎల్లమని సైకిలు బయటికి తోసి, నువ్వసలు మగోడివేనా అన్నాను. ఆ మాటకి ఎల్లిపోనాడు.”

“మామ్మకి తెలుసా?”

“తెలీదు.”

“చెప్పెయ్యి మరి. నన్ను తిట్టడం మానేస్తుంది.”

“మానేస్తాది. నన్ను తిడతాది. తిట్టినా పర్నేదు. కానీ ఆయన గుర్తొస్తే ఆవిడ నా పక్కనే కూకుని ఏడుస్తాది. నాను తోసేసినానని తెలిస్తే ఇంకెవుల పక్కన కూకుంటాది?”

ఆ మాట బరువు నాకు తెలియడానికి నేను కూడా ఒకరిని పోగొట్టుకోవలసి వచ్చింది. ఒక ముసలావిడకి ఏడవడానికి తోడు మిగలాలని, పెద్దమ్మ ఆ నిందని పదేళ్ళ పిల్ల మీద ఉండనిచ్చింది. అది న్యాయమేనా అని అడగాలని నాకు చాలా ఏళ్ళకి తోచింది. అప్పటికి అడగడానికి ఆవిడ లేదు. ఉండి ఉంటే అడిగేదాన్నో లేదో కూడా తెలీదు.

ఆ మధ్యాహ్నం మాత్రం, జన్మలో ఇంకెవరికీ చెప్పని మాట నాకు చెప్పి తల వంచుకుని కూర్చున్న ఆ మనిషిని, డ్రమ్ము వెనకనున్న పిల్ల ఏం అడిగిందో తెలుసా? బుద్ధిగా కాసేపు ఆలోచించి, ముక్కు తుడుచుకుని, “అయితే తప్పు సగం నీది కూడా కదా పెద్దమ్మా. మరి వచ్చే ఏడు నాకు కేకు కొంటావా?” అంది.

పెద్దమ్మ నా మొహం వైపు చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, లోపల పడుకున్న మామ్మకి వినబడకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. “కొంటాను,” అంది నవ్వాగాక. “పొద్దుట ఆయనకి. సాయంత్రం నీకు.” ఆ పిల్లని ఇప్పుడు పట్టుకుని నాలుగు తగిలించాలనిపిస్తుంది నాకు. అంత మాట విని, కేకు అడుగుతుందా ఎవరైనా? కానీ ఆ తిథి నాడు ఆ ఇంట్లో ఎవరైనా నవ్వగా నేను చూడడం అదే మొదలు. అందుకని ప్రతిసారీ దాన్ని వదిలేస్తుంటాను.