రెండు ఇయర్‌ఫోన్ల వాక్‌మన్

"ఇంట్లో ఎంతమంది ఉండారు మేడం?"

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నేను కొత్తగా చేరిన ఫ్లాట్‌కి ఈ ఉదయం వైఫై పెట్టడానికి వచ్చినాయన అడిగాడు. ఒక్కదాన్నేనని చెప్పాను.

"అట్లయితే చిన్న రౌటర్ చాలు."

ఆ మాటకి నాన్న గుర్తొచ్చారు. మా చిన్నప్పుడు యలహంకలో వాక్‌మన్ కొనడానికి నన్నూ చెల్లినీ షాపుకి తీసుకెళ్లారు. అరచేతిలో పట్టే ఎర్రదాని మీద మా ఇద్దరికీ మనసు పడింది. నాన్న మాత్రం ఇటుకంత నల్లదాన్ని తిప్పి తిప్పి చూసి, "దీనికి రెండు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చప్పా. ఇద్దరూ వినొచ్చు," అని అదే కొన్నారు. మీలో ఎవరింట్లోనైనా ఉండేదా అలాంటిది? ఇంటికొచ్చేదాకా ఏడుపు మొహాలే మావి.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పాల ప్యాకెట్లకి వెళ్లేటప్పుడు అది నా చేతిలో ఉండేది. దాని రెండో వైరు చెల్లి చెవుల్లో. నేను కాస్త వేగంగా నడిస్తే చాలు, వైరు ఊడొచ్చేది, చెల్లి "అక్కా!" అని అరిచేది. నేను ఆగేదాన్ని.

చెల్లి ఇప్పుడు హొసకోటెలో ఉంది. నాన్న పోయాక ఇల్లు అమ్మే దగ్గర మాటా మాటా పెరిగింది. మాట్లాడుకుని మూడేళ్లయింది.

"పెద్దదే పెట్టండి," అన్నాను.

"ఎవురన్నా వచ్చేదుండాదా మేడం?"

"మా చెల్లి వస్తుంది."

ఆయన పెద్ద రౌటరే బిగించి వెళ్లిపోయాడు. చెల్లి వస్తుందని ఆయనకైతే చెప్పేశాను. చెల్లికే ఇంకా చెప్పలేదు.