రెండు ప్లేట్ల నడుమ

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఎక్కడ చూసినా మీటింగులే. వాటిలో మైకులు చూసి వచ్చిన దగ్గర్నుంచి యెమ్మిగనూరు కాశన్నకు మగ్గం గుంతలో కాలు నిలవలేదు. ముప్పై ఏళ్ళు దాటిన నేతగాడు, పది మాటలకు ఒక మాట జవాబిచ్చే మనిషి. ఉన్నట్టుండి ఒక మైకు, బ్యాటరీ, యాంప్లిఫయరు పెట్టె, కీ ఇచ్చే గ్రామఫోను, ఇంత నోరున్న హారను తెచ్చి వాకిట్లో దించాడు.

భార్య సుబ్బక్క వాటి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇంట్లో నోరు తెరవడు గానీ, ఊరికంతా వినపడే నోరు కొనుక్కోనొచ్చినాడు" అంది.

మైకుసెట్టు కొత్త మోజు. పక్కవీధి ఉరుకుందప్ప తన పెద్దకూతురు హంపమ్మ పెళ్ళికి మేళగాళ్ళను కూడా మానిపించి, గ్రామఫోను మీద ఆడే సన్నాయి ప్లేట్లే చాలన్నాడు. తాళి కట్టే గడియలో గట్టిమేళం ఎందుకు మోగిస్తారో అందరికీ తెలిసిందే. ఏ తుమ్మో, ఏడుపో, అశుభం మాటో ఎవరి చెవినా పడకుండా ఆ మోత కింద మూసిపెట్టాలి. కానీ ప్లేటు ఆడేది మూడు నిమిషాలు. అది అయిపోగానే కాశన్న దాన్ని తీసి, అరిగిన సూది మార్చి, ఇంకొక ప్లేటు పెట్టేలోపల పందిరి మూగబోయింది. సరిగ్గా అప్పుడే అయ్యవారు తాళి అందించారు. పెళ్ళికొడుకు మొదటి ముడి వేస్తుండగా ఎవరో తుమ్మారు. మైకు అయ్యవారి ముందరే ఉంది. ఆ తుమ్ము హారనులో పడి సంతబజారు దాకా వినబడింది.

హంపమ్మ పత్తికొండకు కాపురానికి పోయింది. మూడు నెలలకు అత్తగారింట్లో పాడిబర్రె చచ్చింది. ఆ తరువాత వానలు ఎగగొట్టాయి. రెండూ ఆ తుమ్ము లెక్కలోకే పోయాయి. అత్త ఈరక్క కోడలిని కొట్టలేదు, తిట్టలేదు. శుభకార్యాలలో ముందుకు మాత్రం రానివ్వలేదు. ఎవరింట్లో హారతి పట్టినా, "నువ్వు ఆడనే ఉండు" అనేది. ఇరవై ఏళ్ళు కూడా నిండని ముత్తైదువ స్తంభాల చాటున నిలబడడం నేర్చుకుంది.

ఈ సంగతి కాశన్న చెవిన పడింది. తుమ్ముకు బర్రె చస్తుందా అని ఆయన ఎవరితోనూ వాదించలేదు. తుమ్ము ఎవరిదైనా, అది దూరిన సందు తనది. ఆ సందును మూసేదాకా ఏ పెళ్ళికీ సెట్టు పెట్టనని మనసులో అనుకున్నాడు. పగలంతా మళ్ళీ మగ్గం మీద కూర్చున్నాడు.

మగ్గం మీద ఉండగానే దారి దొరికింది. నిలువు పోగుల పడుగు అయిపోవస్తే నేతగాడు పోగులన్నీ వదిలేసి మళ్ళీ మొదటినుంచి అచ్చులోకి ఎక్కించుకోడు. పాత పడుగు ఇంకా మగ్గం మీద ఉండగానే, కొత్త పోగును పాత పోగు కొసకు మెలిపెట్టి అతుకుతాడు. పాటనూ అట్లే అతకాలి. అంటే ఒకటి పందిట్లో ఆడుతుండగానే రెండోదాని కొస చేతికి దొరకాలి. ఆ కొసను ఊరికి వినబడకుండా తానొక్కడే వినాలి.

ఆదోనిలో రెండో గ్రామఫోను దొరికింది. బళ్ళారిలో యుద్ధం నాటి మిలిటరీ సామాన్లు అమ్మే అంగట్లో చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను దొరికింది. రెండు ప్లేట్లకూ చెరొక స్విచ్చి బిగించాడు. పైకి వేస్తే పాట హారనుకు పోతుంది, కిందికి వేస్తే చెవికి వస్తుంది.

మొదటిరోజు రెండు చెవులకూ హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుకుంటూ, అతుకు బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోయాడు.

సుబ్బక్క వంటింట్లోంచి వచ్చి ఆయన భుజం తట్టింది. "ఏమయ్యా, పాట ఎప్పుడు పెడతావు? తలకాయ ఊపేది అయినాక పెడతావా?"

స్విచ్చి కిందికే ఉంది. సన్నాయి ఆయన చెవిలో తప్ప ఎక్కడా మోగడం లేదు. ఇదే పందిట్లో జరిగి ఉంటే! ఆరోజు నుంచి రెండు చెవులూ ఎన్నడూ మూయలేదు. హెడ్‌ఫోను కుడి డొప్ప చెవి మీద, ఎడమ డొప్ప చెవి వెనక. మూసిన చెవి రాబోయే పాటకు, తెరిచిన చెవి పందిరికి.

మిగతాది సాధన. సన్నాయి మొదలయ్యే చోటు చెవితో పట్టి, ప్లేటు అంచున సుద్దముక్కతో గీత పెట్టాలి. ప్లేటును పావుచుట్టు వెనక్కి తిప్పి వేలితో ఆపి పట్టుకోవాలి. కింద చక్రం తిరుగుతూనే ఉండాలి. దానికి తన మగ్గం గుడ్డనే గుండ్రంగా కత్తిరించి, గంజి బాగా పట్టించి ప్లేటు కింద వేశాడు. గుడ్డ నున్నగా జారింది. తరువాత ప్లేటును కాస్త వదిలి వింటూ, వేగం మార్చే మరను సవరిస్తూ రెండు చెవుల్లోని రెండు సన్నాయిల శ్రుతీ ఒకటయ్యేదాకా ఓపిక పట్టాలి. ఒకటైనాక మళ్ళీ గీత దగ్గరికి తెచ్చి వేలు వదలాలి, స్విచ్చి వేయాలి, పాతదాని గొంతు తగ్గించాలి. నాలుగు నెలలు పట్టింది.

హులిగెమ్మకు, అంటే హంపమ్మ చెల్లెలికి, పెళ్ళి కుదిరిందని తెలిసిన రోజు కాశన్న ఎవరూ పిలవకుండానే ఉరుకుందప్ప ఇంటికి పోయాడు.

"అన్నా, ఈ పెండ్లికి సెట్టు నేను పెడతా."

ఉరుకుందప్ప మంచం మీద నుంచి లేవలేదు. "ఒక బిడ్డకు పెట్టినావు గదప్పా. ఇంకొకతి మిగిలిందని వచ్చినావా?"

కాశన్న తలవంచుకున్నాడు గానీ కదలలేదు. పుట్టింటికి వచ్చి ఉన్న హంపమ్మ గడప దాటి వచ్చింది.

"నాయనా, ఈ చిన్నాయన్నే పెట్టమను."

"నీకు మతి ఉండాదా?"

"ఉండాది కాబట్టే చెప్తాండా. మేళం పిలిచి బాగా జరిపిస్తే ఏమంటారు? చెల్లెలిది మంచి రాత, అక్కది పాడు రాత అంటారు. ఆ పెట్టే బాగయి వచ్చి బాగా మోగితే, ఆ పొద్దు చెడింది పెట్టె, పిల్ల కాదంటారు." కాశన్న వైపు తిరిగింది. "తప్పుతాదా చిన్నాయనా?"

"తప్పదు" అన్నాడు కాశన్న.

పెళ్ళినాడు పందిరి చివర, హారను కట్టిన గుంజ వెనకాల కూర్చున్నాడు. పత్తికొండ నుంచి వచ్చిన తన అత్తవారి జనం ముందు వరసలో ఉన్నారు కాబట్టి హంపమ్మ కూడా ఆ గుంజ వెనక్కే వచ్చి, ప్లేట్లు అందిస్తూ నిలబడింది.

మొదటి అతుకు పడింది. ఎవరూ తల తిప్పలేదు. రెండోదీ పడింది. మూడో ప్లేటు పందిట్లో మోగుతుండగా నాలుగోదాన్ని చెవికి తెచ్చుకున్నాడు. సన్నాయి ఎత్తుకుంది, టక్కుమంది, మళ్ళీ అక్కడే ఎత్తుకుంది, మళ్ళీ టక్కుమంది. సామాను తెచ్చిన ఎడ్లబండి కుదుపులకు ప్లేటు నెర్రె ఇచ్చింది. పందిట్లో ఆ టక్కు ఎవరికీ తెలియదు. తెలియడానికి ఇంకొక్క నిమిషం ఉంది. అవతల అయ్యవారు తాళి ఉన్న పళ్ళెం అందరి చేతులకూ తాకించి వెనక్కి తీసుకుంటున్నారు.

కాశన్న పగిలిన ప్లేటు తీసి హంపమ్మ చేతిలో పెట్టాడు. "మొదటిది! మొదట ఆడిన ప్లేటు!"

ఆమె వెతకలేదు. అది ఆమె చంకలోనే ఉంది. ఆయన సూది మార్చి, సుద్దగీత చూసి, పావుచుట్టు వెనక్కి తిప్పి, వేలు అదిమిపెట్టాడు. ఒక్క క్షణం వదిలి విన్నాడు, శ్రుతి రవ్వంత తక్కువ. మర తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. పందిట్లో సన్నాయి ఆఖరు చుట్లలోకి వచ్చేసింది. రెండు చెవులూ ఒక మాట మీదికి వచ్చాయి. ప్లేటును మళ్ళీ గీత దగ్గరికి తెచ్చి వేలు వదిలాడు, స్విచ్చి పైకి వేశాడు.

తల ఎత్తేసరికి అక్షింతలు పడుతున్నాయి. తాళి కట్టడం ఆయన చూడలేదు. తరువాత పన్నెండేళ్ళపాటు ఎన్నో పెళ్ళిళ్ళకు సెట్టు పెట్టాడు గానీ, ఒక్కటీ చూడలేదు.

సన్నాయి ఆగలేదు. ముందు వరసలో ఈరక్క పక్కనున్నామెతో అంటోంది: "ఆ పొద్దు పెట్టె చెడినట్టుండాది లేమ్మా. చూడు, ఈ పొద్దు ఎట్ల మోగుతాండాదో."

పక్కనామె నవ్వింది. "మరి ఇన్నాళ్ళు కోడలిని మూలన నిలబెడితివి గదక్కా?"

ఈరక్క కొంగు సర్దుకుంది. తరువాత మెడ తిప్పి గుంజ వైపు చూసి గొంతెత్తింది.

"ఏమే హంపమ్మా! ఆ పెట్టె కాడ ఏం చేస్తాండావు? హారతికి ముత్తైదువ తక్కువైంది, రా!"

హంపమ్మ కాశన్న వైపు చూసింది. "పోనా చిన్నాయనా?"

ఆయనకు వినబడలేదు. అప్పగింతల దాకా ఇంకా ఎన్నో ప్లేట్లున్నాయి. తరువాతిదాని కొస వెతుకుతూ కుడిచెవి మీద డొప్ప అదిమి పట్టుకుని ఉన్నాడు. ఆమె పగిలిన ప్లేటును ఎవరి కాళ్ళ కిందా పడకుండా పెట్టె కిందికి జరిపి, చేతులు కడుక్కుని, పందిరి మధ్యలోంచే నడిచి పోయింది.