పసుపు కుదిరిన మధ్యాహ్నం

చిత్తూరులో మాది బెల్లం మండీ. ఇంటర్ అయిందో లేదో నాయన నన్ను తెచ్చి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు. ఎదురుగా కాటా, వెనక పైకప్పు దాకా దిమ్మెలు, నెత్తిమీద కందిరీగలు. కాళ్లు చాపుకునే చోటు కూడా లేదు. ఊపిరాడేది కాదు నాకు. బెల్లం వాసనొస్తేనే ఒళ్లు మండేది.

రేణిగుంటలో టీవీలు బిగించే ఫ్యాక్టరీవాళ్లు సోమవారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నాయన ఒప్పుకుంటే కదా! "నీకేం తెలుసునని పిలిచినారప్పా?" అని ఎగతాళి చేశాడు. నాకు పౌరుషం వచ్చింది. నాకేం తెలుసో చూపిద్దామనుకున్నాను.

రేడియో రిపేరు అంగట్లో కొన్న మూడు కాళ్ల ఎల్.ఈ.డి. బల్బు ఒకటి నా దగ్గర ఉండేది. గోరంత ఉంటుంది. నడిమి కాలు రెండు రంగులకూ ఉమ్మడి. ఒక పక్క కాలికి బ్యాటరీ ఇస్తే ఎరుపు, ఇంకో పక్కన ఇస్తే ఆకుపచ్చ, రెండింటికీ ఇస్తే పసుపు రావాలి. వస్తేనా! ఎరుపే పెత్తనం చేసి ముదురు నారింజ వచ్చింది. ఎరుపు వైపు కరెంటు తగ్గించే పెద్ద రెసిస్టరు పెట్టి దాని నోరు మూయించాను. అప్పుడు లోపల రెండు చుక్కలూ విడివిడిగా కనబడ్డాయి. బల్బు నెత్తిని ఉప్పుకాగితంతో రుద్ది మసకచేస్తే కలిశాయి.

నాయనకి కరెంటు సంగతి తెలియదు. రంగు చూసి బెల్లానికి రేటు కట్టడంలో మాత్రం ఆయన కంటికి తిరుగులేదు. ఆ మధ్యాహ్నం భోంచేసి వచ్చి గల్లాపెట్టె పక్కన నిలబడ్డాడు.

"ఇది పాకం ముదిరిన రకం," అన్నాడు బల్బును చూసి. రెసిస్టరు మార్చాను. "ఇంకా ఎరుపు ఉండాది." మళ్లీ మార్చాను.

"ఆగాగు. ఇదీ మొదటి రకమంటే! ఇంకా తగ్గిస్తే?"

"ఆకుపచ్చకి తిరుగుతాది నాయనా." తగ్గించి చూపించి, మళ్లీ వెనక్కి తెచ్చాను.

ఆయన మొహం విప్పారింది. ఇంక పంపిస్తాడు, అయిపోయింది అనుకున్నాను.

"నీకు కన్ను రాలేదని ఇన్నాళ్లూ దిగులు పడితిని," అన్నాడు నాయన. "ఎరుపెంతుండాల్నో ఇంత బాగా పట్టినావే! యాడికో పోయి ఎవురికో చేసేదెందుకు? సోమవారం నుంచి నువ్వే రేటు కట్టు."

సోమవారం పొద్దున బెల్లం బండ్లొచ్చాయి. రైతులు చుట్టూ మూగారు. నాయన చాపమీద పక్కకి జరిగి, నన్ను కూర్చోబెట్టి, తొలి దిమ్మె నా చేతికిచ్చాడు. బస్టాండులో రేణిగుంట బస్సు బయల్దేరే వేళ. ఒక్కటి తప్పు చెబితే చాలు, వీడు పనికిరాడని లేపేస్తాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తప్పు చెబుదామనే నోరు తెరిచాను.

"రెండో రకం. పాకం ముదిరింది," అన్నాను, ఉన్నదున్నట్టు.

బెల్లం తెచ్చిన రైతు కూడా కాదనలేదు. నాయన చాప మీంచి లేచి, చెప్పులేసుకుని, కాఫీకి వెళ్లాడు. మండీలో బేరాలు నడుస్తుండగా ఆయన గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు.