కుమారి వెతికిన తప్పు

మా చెల్లెలు ప్రేమకుమారి ఏం ఉద్యోగం చేస్తుందని చర్చిలో ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు" అని చెప్పి తప్పించుకునేదాన్ని. తొంభైలలో బెంగళూరులో ఆ ఒక్క మాట చాలు, ఇంకెవరూ లోతుగా అడిగేవారు కారు. అడిగితే నాకు చిక్కే. విశ్వం మొదట్లో పుట్టిన వెలుతురు ఇప్పటికీ ఆకాశంలో మిగిలి ఉందట. గురుత్వాకర్షణ సూత్రం మనం చదువుకున్నట్టు కాక వేరేగా ఉంటే ఆ వెలుతురు ఎలా కనబడాలో లెక్కగట్టే ప్రోగ్రాం మా చెల్లెలు రాస్తోందట. ఇదంతా ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలబడి ఎవరికని చెప్పను? నేను నర్సుని. నాడి చూడమంటే చూస్తాను, నక్షత్రాలు నా వల్ల కాదు.

మాది ఒంగోలు వైపు. అమ్మ కూడా నర్సే. నాన్న పోయాక ఆవిడ ఉద్యోగం పట్టుకుని ఇద్దరినీ వెంటేసుకుని ఈ ఊరొచ్చింది. కుమారికి నాన్న మొహం కూడా గుర్తులేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక అది ఒక పరిశోధన సంస్థలో పద్మనాభం గారి దగ్గర చేరింది. ఆయనది ఇక్కడి కాటన్‌పేటలో తరతరాలుగా నూలు వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. అన్నదమ్ములంతా దుకాణాల్లో కూర్చుంటే ఈయనొక్కరే ఆకాశం పట్టుకున్నారు.

నక్షత్ర మండలాలు ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరుగుతున్నాయట. వాటిని చెదిరిపోకుండా పట్టి ఉంచే కనబడని పదార్థం ఏదో ఉండి తీరాలని లోకమంతా అంటుంది. కనబడనిదేదీ లేదు, చాలా దూరాల్లో ఆకర్షణ సూత్రమే మారిపోతుంది అనేది పద్మనాభం గారి వాదం. ఇరవై ఏళ్ళుగా అదే మాట మీద ఉన్నారు. నవ్వేవాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం కుమారిని పిలిచి, "మాటలతో కాదమ్మా, లెక్కతో చూపించల్ల. ఆ లెక్క నువ్వే చెయ్యల్ల" అన్నారట.

అంతే, ఇది ఆ పనిలో పడింది. దీనితో చదివినవాళ్ళు ఎలక్ట్రానిక్ సిటీలో చేరి, ఏసీ బస్సులెక్కి, మారతహళ్ళిలో ఫ్లాట్లు కొనుక్కుంటుంటే ఇది మాత్రం అదే సంస్థలో, అదే కుర్చీలో కూర్చుంది. నేను తిట్టని రోజు లేదు.

"సార్‌కి ఇంకెవరూ లేరక్కా. నేనూ వెళ్ళిపోతే ఆ థియరీని ఎవరు పట్టించుకుంటారు?" అనేది. థియరీ అని నోరు చెబుతోంది గాని, దాని ధ్యాసంతా ఆయన మీదే. దేవుడు చిన్నప్పుడు తీసుకున్న నాన్నని పెద్దయ్యాక తిరిగిచ్చాడని అది అనుకుంది. నాకా సంగతి తెలుసు, అందుకే తిట్టి ఊరుకునేదాన్ని.

రెండువేల మూడులో అమెరికా వాళ్ళ ఉపగ్రహం ఆ పాత వెలుతురుని కొలిచి పంపింది. ఆ కొలతల్ని గీస్తే ఒకదాని పక్కన ఒకటి గుట్టలున్నట్టు ఒక గీత వస్తుంది. కుమారి ప్రోగ్రాం గీసిన గీత దాని మీద చక్కగా కూర్చుంది. పద్మనాభం గారు సంస్థలో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. పూనాలో జరిగే సభలో ఈ సంగతి చెప్పడానికి పేరిచ్చారు. నేను కూడా ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెప్పించాను.

ఆ తర్వాత కొద్దిరోజులకు కుమారి వంటింట్లోకొచ్చి నా పక్కన నిలబడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఇన్నేళ్ళలో ప్రోగ్రాంలో మేం దిద్దిన తప్పులన్నీ ఎప్పుడు దొరికాయో తెలుసా? జవాబు సార్‌కి ఎదురొచ్చినప్పుడే. ఎదురొస్తే తప్పు దొరికేదాకా వెతికాం. అనుకూలంగా వస్తే కాఫీకి వెళ్ళిపోయాం."

నాకు చప్పున అర్థమైంది. మా ఆస్పత్రిలోనూ అంతే. రిపోర్టు చెడ్డగా వస్తే ఇంకో ల్యాబుకి పరిగెత్తుతారు గాని, మంచి రిపోర్టుని అనుమానించినవాణ్ణి నేను చూడలేదు.

"అంటే ఆయనకి కీడు చేసే తప్పులన్నీ ఏరేశాం, మేలు చేసేవి అలాగే ఉండిపోయి ఉంటాయి" అంది.

ఉండిపోయాయి కూడా. ఈ జవాబు కూడా ఎదురొచ్చినట్టే అనుకుని మళ్ళీ మొదటినుంచీ వెతికితే దొరికింది. విశ్వం తొలినాళ్ళ లెక్క చేసే భాగంలో ఐన్‌స్టీన్ పాత సూత్రమే ఉండిపోయింది, ఆ తర్వాతి భాగాల్లో మాత్రమే పద్మనాభం గారిది. అది దిద్దగానే ఉపగ్రహం కొలతల్లో మూడో గుట్ట లేవడం మొదలయ్యే చోట ఆయన గీత చతికిలబడింది.

ఆయనకి చెప్పడానికి ఒక్కతే వెళ్ళలేనంది. చెడ్డ కబురు చెప్పడం నా వృత్తిలో భాగం గనక నన్ను లాక్కుపోయింది. కాటన్‌పేట ఇంట్లో ఆయన భార్య లీలావతమ్మ "సల్ప కాఫీ తాగండమ్మా" అని కూర్చోబెట్టింది. పద్మనాభం గారు కాగితం మీద గీతని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు.

"యాడో తప్పు ఉండాది, ఇంకోసారి చూడమ్మా" అన్నారు.

"తప్పు దిద్దాకే ఇలా వచ్చింది సార్."

"అయితే ఇంకో తప్పు ఉండాది. బేజారు చేసుకోవద్దు. వెతుకు."

పెద్దమనిషి, పూనా సభకి తనే ఉత్తరం రాసి పేరు వెనక్కి తీసుకున్నారు. ఆశని మాత్రం తీసుకోలేదు. కుమారి మూడేళ్ళు వెతికింది. ఒక్కో భాగాన్ని చెరిపేసి కొత్తగా రాసింది. అదే లెక్కని వేరే దారిలో చేసి చూసింది. ఉపగ్రహం కొత్త కొలతలు పంపితే మూడో గుట్ట ఇంకా స్పష్టంగా లేచింది, సార్ గీత అక్కడే పడి ఉంది. కనబడినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే: "దొరికిందా?" ఇది తల అడ్డంగా ఊపేది. దీని తల నెరిసింది ఆ మూడేళ్ళలోనే.

రెండువేల ఆరులో ఆయనకి పక్షవాతం వచ్చింది. మా ఆస్పత్రిలోనే చేర్చారు. రెండోసారి వచ్చాక ఇక ఆశ లేదని మాకందరికీ తెలుసు. మధ్యాహ్నం కుమారి చూడ్డానికొస్తే వరండాలోనే ఆపాను.

"ఈసారి అడిగితే దొరికిందని చెప్పవే. లేచొచ్చి నీ లెక్క చూస్తాడా? ఆ ప్రాణం నిమ్మళంగా పోనీ."

అది నన్ను తప్పించుకుని నడిచింది. లోపలికెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది.

"దొరికిందా తల్లీ?"

"లేదు సార్. అంతా చూశాను. వెతకడానికి ఇంక చోటు లేదు."

ఆయన దాని చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కున్నారు. గోడవైపు తిరిగారు. ఆ వారంలోనే పోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత రాయి మనసే నీది అని మొహాన్నే అనేసి, క్రిస్మస్ దాకా దానితో మాట్లాడలేదు.

ఆ పైన ఏడాదికి ఆ ప్రోగ్రాంని సంస్థ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. ఏ దేశంలో ఎవరు కొత్త ఆకర్షణ సూత్రం కనిపెట్టినా దీంట్లో వేసి పరీక్షించుకోవచ్చు. అయితే ముందు ప్రోగ్రాం వాళ్ళ కంప్యూటర్లో సరిగ్గా ఎక్కిందో లేదో తెలియాలి కదా. అందుకు తప్పు అని బాగా రుజువైన సూత్రం ఒకటి కావాలి. దాన్ని నడిపితే తప్పనే రావాలి. కుమారి పద్మనాభం గారిదే పెట్టింది, ఆయన పేరుతోనే.

"నీకు బుద్ధుందా?" అన్నాను.

"అంత క్షుణ్ణంగా పరీక్షించిన థియరీ ఇంకోటి లేదక్కా. పెట్టకపోతే ఆయన పేరు ఎక్కడా ఉండదు" అని ఏడ్చింది.

ఆయన సంవత్సరీకం అయ్యాక లీలావతమ్మని చూడ్డానికి ఇద్దరం వెళ్ళాం. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"మా ఆయన పని ఎవురన్నా చూస్తా ఉండారా తల్లీ?"

"చూస్తున్నారమ్మా. అన్ని దేశాలవాళ్ళూ చూస్తున్నారు. ముందు ఆయన సూత్రం నడిపిగాని పని మొదలుపెట్టరు."

ఆవిడ మొహం విప్పారింది. "నడిపితే ఏమొస్తాది?"

దాని కాలు నా కాలితో గట్టిగా తొక్కాను.

"తప్పని వస్తుందమ్మా. అలా వస్తేనే మిగతాదంతా సరిగ్గా ఉన్నట్టు లెక్క."

లీలావతమ్మ దాని మొహంలోకి చూసింది.

"దినామూ తప్పనేనా?" అంది.

కుమారి తలూపింది. ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళింది. మేం కాసేపు కూర్చున్నాం. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాం.