పూడ్చిన చెలమ

యారాడ కొండ మీద ఏ ఊట ఏ నెలదాకా ఆగకుండా ఉంటుందో నా డైరీల్లో రాసుకునేవాణ్ణి. రాసేది నేనైనా వెతికేది బావ. మాకు చుట్టరికం లేదు. ఓడరేవులో ఒకే సెక్షన్లో పనిచేసిన స్నేహం. రిటైరయ్యాక ఆదివారాలు కొండెక్కేవాళ్ళం. మోసుకెళ్ళిన నీళ్ళు అయిపోతే, ఊట దగ్గర మడుగులో నీటిని నేరుగా తాగేవాళ్ళం కాదు. దానికి జానెడు ఎడంగా ఇసుకలో చెలమ తవ్వేవాళ్ళం. సముద్రపొడ్డున బావవాళ్ళ ఊరి ఆడవాళ్ళూ, నాగావళి ఇసుకలో మా ఊరివాళ్ళూ తవ్వేది అదే. ఊరిన నీటిని మూడుసార్లు తోడి పారబోసి, ఆ తర్వాత తేరుకున్న నీటిని రాళ్ళ పొయ్యి మీద తెర్లకాచేవాళ్ళం. దిగేటప్పుడు చెలమని తెరిచే ఉంచేవాళ్ళం, వెనక వచ్చేవాళ్ళ కోసం. నీరు చెడ్డదైతే మాత్రం పూడ్చెయ్యాలి. రెండు ఊళ్ళ కట్టుబాటూ ఒకటే.

పోయినేడు బావ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైంది. రోజుకి ఇన్నే నీళ్ళని డాక్టరు కొలత పెట్టాడు. అతని భార్యని నేను చెల్లెమ్మా అంటాను. ఆమె చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అతను దాన్ని పెదవులకి ఆనించుకునే కూర్చునేవాడు.

ఒక సాయంత్రం, "బావా, ఆ కొండ నీళ్ళు ఒక్క గుక్క తెత్తావేటి? దాహం తీరకపోయినా పర్లేదు. నోటికి రుచి తగిలితే సాలు" అన్నాడు.

"రోజూ ఇచ్చే నెక్కలోనే పోత్తాను. బాగా మరగబెట్టి తెండి అన్నియ్యా" అంది చెల్లెమ్మ.

మర్నాడు ఒక్కణ్ణే ఎక్కాను. ఊటకి పైన కొండని రోడ్డు కోసం తొలిచేశారు. మడుగు నీటి మీద రంగురంగుల నూనె తెట్టు. జానెడు చాలదని ఇంకా దూరంగా తవ్వాను. మూడుసార్లు తోడాను. మళ్ళీ తోడాను. నీరు తేటపడింది కానీ, దోసిట్లో పట్టి చూస్తే డీజిలు వాసన. మరగబెడితే క్రిములు చస్తాయి; డీజిలు పోదు. అయినా ఎండ నెత్తికెక్కేదాకా తోడుతూనే ఉన్నాను.

గాజువాకలో వాళ్ళింటికి ఖాళీ సీసాతో వెళ్ళాను.

"కొండెక్కి కాళీ సీసా తెచ్చినోణ్ణి నిన్నే సూత్తన్నాను" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "ఏటయింది?"

చెప్పాను. చెల్లెమ్మ ఆ పూట గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. తవ్వడం మొదలుపెట్టిన దగ్గర్నించీ మళ్ళీ చెప్పమన్నాడు. నేను తోడిన ఒక్కొక్కసారి గురించీ చెబుతుంటే ఒక్కో గుటక వేశాడు.

"ఇసక ఎలాగుంది?"

"సల్లగానే ఉంది బావా."

"అడుగున రాయి తగిలిందా?"

"తగిలింది."

"అయితే మన సోటే." గ్లాసు దించాడు. "పూడ్చీసావా?"

లేదన్నట్టు తలూపాను.

"ఏటి బావా నువ్వు! మేకలు తాగుతాయి. తేటగుంది కదాని మనుసులూ తాగీత్తారు. ఎందుకొగ్గీసావు?"

"రేపటికి బాగుపడుద్దేమోనని."

"బాగుపడదు బావా" అన్నాడు మెల్లగా. "పూడ్చీ."

తెల్లవారాక వెళ్ళాను. చెలమ నిండా నీరు ఊరి అద్దంలా ఉంది. మళ్ళీ దోసిట పట్టాను. అదే వాసన. అంచు ఇసుక లోపలికి తోస్తుండగా ఫోను మోగింది.

"అన్నియ్యా, ఎక్కడున్నారు? బేగి వచ్చియ్యండి. మీ బావ..." అని చెల్లెమ్మ ఏడ్చేసింది.

వెంటనే దిగాలి. నాలుగడుగులు దిగి వెనక్కి వచ్చాను. రెండు చేతులతోనూ ఇసుక పోశాను, పైన రాళ్ళు పేర్చాను. కాసేపు రాళ్ళ సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంది. అది ఇంకేదాకా నిలబడ్డాను. వెళ్ళగానే పూడ్చీసావా అనే అడుగుతాడు కదా అనుకుంటూ నిలబడ్డాను.